నిల్వ డ్రైవర్లలో తాళాలు: అవసరమెంత? అనవసరమెంత?

విశాఖపట్టణ రేవులోనికి ప్రవేశించే ఓడ డాల్ఫిన్ నోస్ కొండను ఆనుకొని ఉన్న ఇరుకైన జలమార్గం గుండానే రావలసి ఉన్నది. 1933లో ప్రారంభమైన ఆ లోపలి రేవులో ఎన్ని బెర్తులున్నా, ఎన్ని క్రేనులున్నా, ఆ ప్రవేశమార్గంలో రెండు పెద్ద ఓడలు ఎదురెదురుగా నడవడానికి వీలులేదు. ఒకటి దాటేవరకు రెండవది సముద్రంలో లంగరు వేసుకొని వేచి ఉండవలసిందే. లోపల పని చేసే చేతులు ఎన్ని పెరిగినా, దారి ఒక్కటే అయినప్పుడు ఆ చేతులలో కొన్ని ఖాళీగా ఉండక తప్పదు. 1976లో బయటి రేవు ఏర్పడిన పిదప భారీ ఖనిజ నౌకలకు ఈ ఇరుకు దారితో పని లేకుండా పోయింది. సమస్యకు పరిష్కారం దారిలో వేగంగా నడవడం కాదు, ఆ దారి అవసరమే లేకుండా చేయడమన్నమాట.

నేటి కంప్యూటరు లోపల కూడా సరిగా ఇట్టి సమస్యే ఉన్నది. ఒకే యంత్రంలో ఎనిమిది, పదహారు, అరవైనాలుగు ప్రాసెసర్లు ఏకకాలంలో పనిచేస్తున్నాయి. అవన్నీ ఒకే డిస్కును వాడుకోవాలి. ఆ డిస్కుకు చేరే దారిలో ‘తాళం’ అనే ఇరుకు మార్గం ఒకటి ఉన్నది. ఆ తాళం ఎందుకు పుట్టింది, ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం, అనవసరమైనదానిని తొలగించేటప్పుడు ఏ జాగ్రత్తలు పాటించాలి అనే విషయాలను మన విద్యార్థుల నిమిత్తం ఈ వ్యాసంలో వివరించదలిచాను. శాస్త్ర విషయాలను మాతృభాషలో చెప్పుకోవచ్చునన్న విశ్వాసమే ఈ ప్రయత్నానికి ఆధారం.

నిల్వ డ్రైవరు అనగా ఏమి?

కంప్యూటరులోని సకల కార్యకలాపాలను నడిపించే మూల కార్యక్రమాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్, లినక్స్ మొదలైనవి ఈ కోవకు చెందినవి. డిస్కు, ముద్రణ యంత్రం, తెర వంటి ప్రతి పరికరానికీ తనదైన భాష ఉంటుంది. ఆ భాష తెలిసిన దుభాషి వంటి చిన్న కార్యక్రమమే డ్రైవరు. సమాచారాన్ని భద్రపరిచే పరికరాలతో మాట్లాడే దుభాషిని నిల్వ డ్రైవరు అనవచ్చును.

ఒక విద్యార్థి తన వ్యాసాన్ని భద్రపరచమని ఆజ్ఞాపించినప్పుడు ఆ ఆజ్ఞ ఒక అభ్యర్థనగా మారి, వరుసలో నిలబడుతుంది. డ్రైవరు ఆ వరుసలో నుండి ఒక్కొక్క అభ్యర్థనను తీసి పరికరానికి అందజేస్తుంది. పని పూర్తి కాగానే పరికరం ప్రాసెసరుకు ఇంటరప్ట్ అనే సంకేతం పంపుతుంది. అప్పుడు డ్రైవరు మరల మేల్కొని, ఫలానా పని ముగిసినదని లెక్కలో వ్రాసుకుంటుంది. వరుసలో చేర్చడం, వరుస నుండి తీయడం, ముగింపును నమోదు చేయడం: ఈ మూడు పనులూ వేర్వేరు ప్రాసెసర్ల మీద ఒకే క్షణంలో జరగవచ్చును. చిక్కు అంతా అక్కడే ఉన్నది.

తాళం ఎందుకు పుట్టింది?

కళాశాల కార్యాలయంలో ఇద్దరు గుమాస్తాలు ఒకే రిజిస్టరు చూసి ఫీజు రసీదులు వ్రాస్తున్నారనుకొందాము. చివరి రసీదు సంఖ్య 125. మొదటి గుమాస్తా దానిని చూశాడు. అతడు వ్రాయకముందే రెండవ గుమాస్తా కూడా చూశాడు. ఇద్దరూ 126 అని వ్రాశారు. ఇద్దరు విద్యార్థుల చేతికి ఒకే సంఖ్య గల రసీదులు వచ్చాయి. ఎవరూ అబద్ధం వ్రాయలేదు, ఎవరూ అశ్రద్ధ చేయలేదు. అయినా లెక్క తప్పింది. ఈ దోషాన్ని కంప్యూటరు శాస్త్రంలో ‘రేస్’, అనగా పోటీ దోషం, అని పిలుస్తారు. డిస్కు వ్యవహారంలో ఇదే జరిగితే ఒకరి సమాచారం మీద మరొకరి సమాచారం పడుతుంది.

దీనిని నివారించడానికి హాలెండు దేశపు శాస్త్రవేత్త ఎడ్స్గర్ డైక్‌స్ట్రా 1965 ప్రాంతంలో ‘సెమఫోర్’ అనే సాధనాన్ని ప్రతిపాదించాడు. ఆ మాట రైలు మార్గం పక్కన రెక్క ఎత్తి దించే సిగ్నలు స్తంభానికి ఉన్న పేరే. ఒకరు లోపల ఉన్నంతవరకు రెండవవారు బయట ఆగవలెను. లోపలివారు బయటకు రాగానే సంకేతం మారును. ఈ భావననుండే నేటి అనేక రకాల తాళాలు వచ్చాయి. వీటిలో స్పిన్‌లాక్ అనేది డ్రైవర్లలో విరివిగా వాడబడుతున్నది. తాళం దొరకని ప్రాసెసరు వేరే పనికి పోక, దొరికిందా దొరికిందా అని అక్కడే తిరుగుతూ ఉంటుంది గనుక దానికి ఆ పేరు వచ్చింది. తాళాన్ని మన తెలుగులో బీగమని కూడా అంటాము. ఉర్దూలో ‘తాలా’, ‘కుఫ్ల్’ అంటారు. పేరు ఏదైనా, తాళంతో పాటు ‘ఇంతెజార్’ కూడా వచ్చి తీరుతుంది.

తాళానికి చెల్లించే మూల్యం

ఒకప్పుడు ఈ నిరీక్షణను ఎవరూ లెక్కపెట్టలేదు. కారణం సులభం. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు ఒక్క చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు తల కిందకు రావడానికి సగటున అర్ధ చుట్టు, అనగా సుమారు 4 మిల్లీసెకన్లు, ఆగాలి. చదివే తల కదలడానికి మరికొన్ని మిల్లీసెకన్లు కావాలి. ఈ విధంగా చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని అట్టి డిస్కు సెకనుకు సుమారు వందసార్లు మాత్రమే అందించగలదు. ఒక్కొక్క అభ్యర్థనకు దాదాపు పదివేల మైక్రోసెకన్లు పట్టేచోట, తాళం కింద ఒక్క మైక్రోసెకను పోతే అడిగేవారెవరు?

నేటి ఘనస్థితి నిల్వ పరికరాలలో తిరిగే చక్రం లేదు, కదిలే తల లేదు. వాటిలో మేలైనవి సెకనుకు పది లక్షల అభ్యర్థనలను తీర్చగలవు. అనగా ఒక్కొక్కదానికి సగటున ఒక్క మైక్రోసెకను మాత్రమే వ్యవధి. అదే పాత తాళం, అదే ఒక్క మైక్రోసెకను. అయితే ఇప్పుడు కాలమంతా తాళమే మింగివేస్తున్నది. తాళం మారలేదు, దాని చుట్టూ ఉన్న లోకం మారింది.

పైగా తాళం కేవలం నిరీక్షణతో పోదు. తాళం ఉన్నదా లేదా అని తెలిపే అక్షరం స్మృతిలో ఒకచోట ఉంటుంది. ప్రతి ప్రాసెసరూ దానిని తన దగ్గరి చిన్న స్మృతిలోనికి లాగుకోవాలి. పదహారు ప్రాసెసర్లు ఒకే తాళానికై పోటీపడితే ఆ అక్షరం పదహారు చోట్ల మధ్య బంతివలె తిరుగుతూ ఉంటుంది. అందుచేత తాళానికై పోటీ హెచ్చినచోట ప్రాసెసర్లు పెరిగినకొద్దీ పని వేగం పెరగకపోగా, కొన్ని సందర్భాలలో తగ్గుతుంది కూడా.

జీన్ ఆమ్డాల్ అనే శాస్త్రవేత్త 1967లో చెప్పిన సూత్రం ఇక్కడ స్మరించదగినది. మొత్తం పనిలో పదవ వంతు ఒకరి తరువాత ఒకరు మాత్రమే చేయదగినదైతే, పదహారు ప్రాసెసర్లు పెట్టినా వేగం పదహారు రెట్లు కాదు. 0.1కి 0.9లో పదహారవ వంతును కలిపితే 0.15625 వస్తుంది. ఒకటిని దానితో భాగిస్తే 6.4 వస్తుంది. అంటే ఆరున్నర రెట్లు కూడా రాదు. లెక్కలేనన్ని ప్రాసెసర్లు పెట్టినా పది రెట్లను మించదు. తాళం కింద జరిగే పని ఈ పదవ వంతు వంటిది.

కొత్తవలస–కిరండూల్ మార్గం నేర్పే పాఠం

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చే నిమిత్తం 1960వ దశకంలో తూర్పు కనుమల గుండా కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం నిర్మించబడింది. అది ఒంటి మార్గంగానే వేయబడింది. ఒంటి మార్గంలో ఎదురెదురు రైళ్లు ఢీకొనకుండా మన రైల్వేలు చిరకాలం పాటించిన పద్ధతి టోకెను పద్ధతి. రెండు స్టేషన్ల మధ్యనున్న భాగానికి ఒక సమయంలో ఒక్క లోహపు గోళం మాత్రమే యంత్రంనుండి బయటకు వస్తుంది. ఆ గోళం చేతికి అందనిదే డ్రైవరు రైలును కదపరాదు. ఇది అక్షరాలా తాళమే.

ఇప్పుడు మూడు విధాల ఏర్పాట్లను ఊహించండి. మొదటిది: కొత్తవలస నుండి కిరండూల్ వరకు మార్గమంతటికీ కలిపి ఒకే ఒక్క గోళం. ప్రమాదం జరగదు నిజమే, కాని ఒక రైలు నడుస్తున్నంతసేపు మిగిలినవన్నీ నిలిచి ఉండాలి. రెండవది: ప్రతి రెండు స్టేషన్ల మధ్యకూ వేర్వేరు గోళం. భద్రత అంతే, కాని అనేక రైళ్లు ఒకేసారి నడుస్తాయి. మూడవది: జంట మార్గం. ఎదురురైలు అనేదే లేదు గనుక, ఎదురురైలు భయానికై పెట్టిన గోళంతో పనిలేదు. అయితే ఒక్క విషయం మరువరాదు. జంట మార్గం వేసినా సిగ్నళ్లు పోవు. ఒకే దిశలో ముందు పోయే రైలును వెనుకరైలు ఢీకొనకుండా అవి కావాలి. ఒక ప్రమాదానికి పెట్టిన తాళం పోయినంత మాత్రాన అన్ని ప్రమాదాలూ పోవు. డ్రైవర్ల చరిత్ర సరిగా ఈ మూడు మెట్ల మీదుగానే నడిచింది.

లినక్స్ చరిత్రలో మెట్లు

లినక్స్ మూలరచన అందరికీ తెరిచిన పుస్తకం గనుక ఈ పరిణామాన్ని అందులో స్పష్టంగా చూడవచ్చును. 1996లో వెలువడిన 2.0 సంచిక మొదటిసారిగా ఒకటికంటె ఎక్కువ ప్రాసెసర్లను నడిపింది. అందుకోసం వారు మొత్తం కెర్నల్‌కు ఒకే పెద్ద తాళం వేశారు. ఇది మార్గమంతటికీ ఒకే గోళం వంటిది. ఆ తాళాన్ని అంచెలంచెలుగా తగ్గిస్తూ పూర్తిగా తొలగించడానికి 2011లో వచ్చిన 2.6.39 సంచిక వరకు, అనగా పదిహేనేండ్లు, పట్టింది. వేయడం ఒక్క రోజు పని, తీయడం ఒక తరం పని.

నిల్వ విభాగంలో 2001 నాటి 2.4 సంచిక వరకు యంత్రంలోని అన్ని డిస్కుల వరుసలకూ కలిపి ఒకే తాళం ఉండేది. ఒక డిస్కుకు అభ్యర్థన పంపుతుంటే దానితో సంబంధమే లేని మరొక డిస్కు వేచి ఉండేది. 2003 చివరలో వచ్చిన 2.6 సంచికనాటికి ఒక్కొక్క వరుసకు దాని తాళం దానికి ఏర్పడింది. ఇది స్టేషనుకూ స్టేషనుకూ మధ్య గోళం వంటిది.

ఈ కథలో మన విషయానికి అతి సన్నిహితమైన ఘట్టం 2011 జనవరిలో వెలువడిన 2.6.37 సంచికలో జరిగింది. అంతవరకు స్కజీ విభాగంలోని మధ్య పొర, ప్రతి డ్రైవరును పిలిచే ముందు తానే తాళం వేసి మరీ పిలిచేది. డ్రైవరుకు ఆ తాళం కావాలా వద్దా అని అడిగేది కాదు. ఆ తాళం అక్కరలేని డ్రైవర్లు కొన్ని లోపలికి రాగానే దానిని తీసివేసి, తమ పని చేసుకొని, తిరిగి పోయేటప్పుడు మరల వేసి పోయేవి. వాకిటి దగ్గర ఒకరు తాళం వేయడం, లోపలికి వెళ్లినవారు తీయడం, వచ్చేటప్పుడు మళ్లీ వేయడం వంటిది ఈ తంతు. దీనిని సంస్కరించినవారు చేసిన పని మెచ్చుకోదగినది. మధ్య పొరలోని తాళాన్ని తీసివేశారు. కాని ఒక్కసారిగా అన్ని డ్రైవర్లనూ తాళం లేకుండా వదలలేదు. ప్రతి పాత డ్రైవరు చుట్టూ అదే తాళాన్ని వేసే చిన్న తొడుగును తొడిగారు. పాతవారికి ఏ మార్పూ రాలేదు. పిదప ఏ డ్రైవరు రచయిత తన రచనను పరిశీలించి, తాళం అక్కరలేదని నిర్ధారించుకొంటాడో అతడు తన తొడుగు తీసివేసుకోవచ్చును. తాళం అవసరమా కాదా అనే నిర్ణయాన్ని ఆ సంగతి తెలిసినవాని చేతికి అప్పగించడమే ఈ సంస్కరణలోని సారం.

జంట మార్గం వంటి మార్పు తరువాత వచ్చింది. 2011లో ప్రకటితమైన ఎన్‌వీఎంఈ ప్రమాణం పరికరంలోనే వేలకొలది వరుసలకు అవకాశం కల్పించింది. అంతకుముందున్న ఏహెచ్‌సీఐ ప్రమాణంలో ఒకే వరుస, అందులో 32 ఆజ్ఞలు. కొత్త ప్రమాణంలో 65,535 వరుసలు, ఒక్కొక్కదానిలో 65,536 ఆజ్ఞల వరకు ఉండవచ్చును. 2013లో మతియాస్ బ్యోర్లింగ్, జెన్స్ ఆక్స్‌బో తదితరులు ప్రకటించిన పరిశోధన పత్రం ఆధారంగా, లినక్స్ 3.13 సంచికలో, అనగా 2014 జనవరిలో, బహుళ వరుసల పద్ధతి ప్రవేశించింది. ప్రతి ప్రాసెసరుకూ తన వరుస తనకు ఉన్నది. వరుస తనదే అయినప్పుడు పొరుగు ప్రాసెసరుతో పోటీ దాదాపు ఉండదు. 2019లో వచ్చిన 5.0 సంచికతో పాత ఒంటి వరుస పద్ధతి పూర్తిగా తొలగింది. విండోస్‌లో కూడా ఇట్టి మార్పే కనబడుతుంది. విండోస్ సర్వర్ 2003లో వచ్చిన స్టోర్‌పోర్ట్, అభ్యర్థన పంపడాన్నీ ముగింపు సంకేతం అందుకోవడాన్నీ ఏకకాలంలో జరగనిచ్చింది. పాత స్కజీపోర్ట్‌లో ఒకటి జరుగుతుండగా రెండవది ఆగవలసి వచ్చేది.

మసీదులో వజూ చేసుకొనే చోటును చూసినవారికి ఈ తత్త్వం సులభంగా బోధపడుతుంది. ఒకే చెంబు ఉంటే ఒకరి తరువాత ఒకరు నిలబడాలి. వరుసగా కుళాయిలు అమర్చితే ఎవరి కుళాయి వారిది. నీరు ఒకే తొట్టినుండి వచ్చినా ఎవరూ ఎవరికై ఆగనక్కరలేదు.

అనవసరమైన తాళాన్ని గుర్తించడమెట్లు?

విద్యార్థులు జ్ఞాపకముంచుకోవలసిన మొదటి సూత్రం: తాళం సొత్తుకు వేయాలి, దారికి కాదు. ఈ భాగంలోని ఆజ్ఞలను కాపాడుతున్నాను అనుకోరాదు. ఏ సమాచారాన్ని కాపాడుతున్నాను అని ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేని తాళం అనుమానించదగినది. ప్రతి తాళం దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి, ఈ సమాచారాన్ని మరెవరైనా తాకుతారా? పరికరాన్ని ఇంకా నమోదు చేయకముందు, ఆరంభ సన్నాహాల దశలో, దాని సంగతి ఇతరులకు తెలియదు. ఆ దశలో తాళం నిరర్థకం.

రెండు, ఎవరైనా దానిని మారుస్తారా? ఒకసారి వ్రాసి, అందరికీ చూపిన పిదప ఎన్నడూ మార్చని విలువను ఎందరు చదివినా పోటీ దోషం రాదు. చదవడం అధికంగా, మార్చడం అరుదుగా ఉండే పట్టికలకు ఆర్‌సీయూ అనే పద్ధతి ఉన్నది. అందులో చదివేవారికి తాళం లేదు. మార్చేవారు కొత్త ప్రతిని సిద్ధం చేసి, పాత ప్రతిని చదువుతున్నవారందరూ ముగించిన తరువాతనే దానిని పారవేస్తారు. 2002లో ఈ పద్ధతి లినక్స్‌లో చేరడంలో పాల్ మెకెన్నీతో పాటు మన దేశానికి చెందిన దీపాంకర్ శర్మ కృషి కూడా ఉన్నది.

మూడు, ఆ తాకడం ఏకకాలంలో జరగగలదా? ముగింపు సంకేతం అందుకొనే భాగం ఆ సమాచారం జోలికి పోనప్పుడు, ఇంటరప్ట్‌లను ఆపివేసి మరీ తాళం వేయనక్కరలేదు. మామూలు తాళమే చాలును.

తాళం తప్పదని తేలినచోట కూడా దానిని కుదించవచ్చును. స్మృతిని కేటాయించుకోవడం, సందేశాలు వ్రాసుకోవడం, సమాచారాన్ని సిద్ధం చేసుకోవడం వంటి పనులను తాళం వేయకముందే ముగించుకోవాలి. ఒక్క సంఖ్యను పెంచడానికి తాళం వద్దు. ప్రాసెసరులోనే ఉన్న విడదీయరాని ఆజ్ఞ ఆ పని చేయగలదు. కేవలం గణాంకాల కోసమైతే ప్రతి ప్రాసెసరుకూ వేరు లెక్క ఉంచి, అడిగినప్పుడు కూడి చెప్పవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది కొలత. ఏ తాళం వద్ద ఎంత నిరీక్షణ జరుగుతున్నదో లెక్కించే సాధనాలు లినక్స్‌లోనే ఉన్నాయి. పోటీ లేని తాళాన్ని తీసినందువల్ల కలిగే లాభం స్వల్పం, ప్రమాదం మాత్రం అధికం. మార్పుకు ముందొకసారి, తరువాతొకసారి కొలిచి చూడనిదే లాభం కలిగినదని చెప్పడం శాస్త్రం కాదు.

ఒక హెచ్చరిక

అనవసరమని తోచినదంతా అనవసరం కాదు. కెనడాలో తయారైన థెరాక్–25 అనే వికిరణ చికిత్సా యంత్రం ఇందుకు దుఃఖకరమైన ఉదాహరణ. పాత నమూనాలలో ప్రమాదాన్ని ఆపే యాంత్రికమైన అడ్డులు ఉండేవి. కార్యక్రమమే అంతా చూసుకొంటుందన్న నమ్మకంతో కొత్త నమూనాలో వాటిని తొలగించారు. ఆ కార్యక్రమంలో పోటీ దోషం దాగి ఉన్నది. యంత్రాన్ని నడిపేవారు వేగంగా సవరణలు చేసినప్పుడు మాత్రమే అది బయటపడేది. 1985–1987 మధ్య ఆరుగురు రోగులు మోతాదుకు ఎన్నో రెట్లు మించిన వికిరణానికి గురైనారు. వారిలో కొందరు మరణించారు. అట్టి దోషమే పాత నమూనాలోనూ ఉన్నట్లు పిదప తేలింది. అక్కడ యాంత్రికమైన అడ్డు దానిని ప్రాణాంతకం కానీయలేదు.

నిల్వ డ్రైవరులో దోషం మనిషిని నేరుగా తాకకపోవచ్చును. కాని ఆసుపత్రి రికార్డు, బ్యాంకు ఖాతా, విద్యార్థి మార్కులు, భూమి దస్తావేజు అన్నీ చివరకు ఒక డిస్కు మీదనే ఉన్నాయి. పోటీ దోషం వెయ్యిసార్లు పరీక్షించినా కనబడక, పదివేలవసారి కనబడవచ్చును. పాడైన సమాచారం నెలల తరువాత బయటపడితే, దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లే అవుతుంది. కాబట్టి వేగం కోరేవాడు ముందుగా భద్రతకు జవాబుదారీ కావాలి. ఎందుకు తీశానో వ్రాసిపెట్టగలిగినప్పుడే తాళం తీయాలి. ఎందుకు వేశానో వ్రాసిపెట్టగలిగినప్పుడే వేయాలి.

ముగింపు

గాజువాక పరిసరాల యువకులకు యంత్రాలు కొత్త కాదు. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు వింటూ పెరిగినవారు మీరు. అంతటి కర్మాగారంలో ఒకచోట ఆలస్యమైతే ఆ ఆలస్యం ఎంత దూరం పాకుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ అవగాహనతోనే కంప్యూటరు లోపలికి కూడా చూడండి. రెండు దారాలు ఒకే సంఖ్యను పదిలక్షలసార్లు పెంచే చిన్న కార్యక్రమం వ్రాయండి. తాళం లేకుండా ఒకసారి, తాళంతో ఒకసారి, ఎవరి లెక్క వారికి ఇచ్చి చివర కూడి ఒకసారి నడిపి చూడండి. మొదటిదానిలో లెక్క తప్పవచ్చును. రెండవదానిలో లెక్క సరిపోయి కాలం పెరుగుతుంది. మూడవదానిలో లెక్కా సరిపోతుంది, కాలమూ కలిసివస్తుంది. ఈ వ్యాసమంతా ఆ మూడు ఫలితాలలో ఉన్నది.

కళాశాల సంఘం పెద్దలకు కూడా ఒక విన్నపం. ఈ ప్రయోగాలకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. రెండు ప్రాసెసర్లున్న పాత కంప్యూటరు, ఉచితంగా లభించే లినక్స్ చాలును. కావలసిందల్లా వారానికి రెండు గంటలు ప్రయోగశాల తలుపు తెరిచి ఉంచడం. విద్యకు వేసిన అనవసరమైన తాళాలను కూడా ఒక్కొక్కటిగా గుర్తించి తీసివేయడం మనందరి బాధ్యతగా భావించాలని ఆశిస్తున్నాను.